కంప్యూటరులో ఉన్నది... వెదికితే దొరకదు!

భూమి ఉన్నది. తాతల నాటి నుంచి సాగులోనే ఉన్నది. పాత శిస్తు రశీదులు ట్రంకు పెట్టెలో భద్రంగా ఉన్నవి. తీరా పంట రుణం కోసం బ్యాంకు మెట్లెక్కితే "మీ సర్వే నంబరు ఆన్‌లైన్‌లో రావడం లేదు" అన్న సమాధానం వస్తుంది. తహసీల్దారు కార్యాలయానికి వెళితే దస్త్రం ఉన్నదంటారు. దాన్ని స్కాన్ చేశామనీ అంటారు. కానీ వెదికితే దొరకదు. ఉన్న దస్త్రం లేనట్టే లెక్క. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పల్లెల్లో కాస్తో కూస్తో భూమి ఉన్న ప్రతి కుటుంబానికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కే ఇది.

దస్త్రాలు కంప్యూటరులోకి ఎక్కితే కష్టాలు తీరుతాయని అందరూ అనుకున్నారు. కొన్ని తీరాయి కూడా. అయితే కాగితాన్ని ఫోటో తీసి దాచడం వేరు, కావలసినప్పుడు ఆ కాగితం చేతికి వచ్చేలా దాచడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాకే కంప్యూటరు నిపుణులు 'మెటాడేటా' అని పేరు పెట్టారు. పేరు కొత్తదే అయినా సంగతి మాత్రం పాతదే.

బస్తా మీది చీటీ

మార్కెట్ యార్డులో వందల బస్తాలు ఒకే తీరున కుట్టి ఉంటాయి. ఏ బస్తా ఎవరిదో, ఏ ఊరి నుంచి వచ్చిందో, లోపల ఏ రకం సరుకు ఉన్నదో చెప్పేది పైనున్న చీటీ, గుర్తులే. చీటీ ఊడిపోతే సరుకు ఎక్కడికీ పోదు, కానీ రైతు తనదని రుజువు చేసుకోలేడు. ప్రభుత్వ దస్త్రానికి మెటాడేటా అటువంటి చీటీ. ఈ కాగితం ఏమిటి, ఏ కార్యాలయం ఎప్పుడు తయారుచేసింది, ఏ ఊరికి, ఏ సర్వే నంబరుకు సంబంధించింది, దీనికి ముందున్న కాగితం ఏది, తర్వాత ఎవరు ఏ ఉత్తర్వు మీద మార్చారు, ఎవరు చూడవచ్చు అన్న వివరాలే ఆ చీటీలో ఉంటాయి.

ఒక్కో గుమాస్తా ఒక్కో తీరున చీటీ రాస్తే లాభం లేదు. అందరూ ఒకే గళ్లలో, ఒకే పద్ధతిలో రాయాలని పెట్టుకున్న కట్టుబాటే 'ప్రమాణం'. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డబ్లిన్ పట్టణంలో గ్రంథాలయ, కంప్యూటరు నిపుణులు సమావేశమై ఇటువంటి కట్టుబాటుకు పునాది వేశారు. 'డబ్లిన్ కోర్' అనే ఆ పట్టికలో గళ్లు 15. శీర్షిక, కర్త, విషయం, తేదీ, రకం, రూపం, గుర్తింపు సంఖ్య, మూలం, భాష, హక్కులు మొదలైనవి అందులోనివి. 2003లో అది అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందింది.

ఇదంతా దొరల దేశాల సంగతి అనుకోనక్కరలేదు. ఆళ్లగడ్డకు సమీపంలోని అహోబిలంలో విజయనగర కాలపు శాసనాలు ఉన్నాయి. దానశాసనం వేయించేటప్పుడు శక సంవత్సరం, ఏలుతున్న రాజు, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, గ్రామం, ఎల్లలు వరుసగా చెక్కించడం ఆనాటి ఆచారం. ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా పండితులు ఆ రాతిని చదివి ఇది ఫలానా కాలపు ఫలానా దానమని చెప్పగలుగుతున్నారంటే ఆ వరుస తప్పకపోవడమే కారణం.

కరణం తలలోని పట్టిక

బ్రిటిషు కాలం నుంచి గ్రామ లెక్కలు కరణం చేతిలో ఉండేవి. ఏ కట్టలో ఏ పుస్తకం ఉన్నది, ఫలానా నంబరు ఎప్పుడు ఎందుకు చీలింది, ఏ అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్నారు అన్నది ఆయనకు కంఠతా వచ్చు. కవిలె కట్టకు అసలు సూచిక కరణం తలలోనే ఉండేదంటే అతిశయోక్తి కాదు. అందులో మంచీ ఉన్నది, చెడ్డా ఉన్నది. ఆయన దయ ఉంటే కాగితం దొరికేది, లేకపోతే దొరికేది కాదు.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా పార్ట్‌టైము గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. మరుసటి ఏడాది 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పుస్తకాలు చేతులు మారాయి. కానీ ఆ పుస్తకాల గురించి కరణానికి తెలిసిన సంగతులు ఏ పుస్తకంలోనూ రాసి లేకపోవడంతో ఆయనతోనే వెళ్లిపోయాయి. మెటాడేటాను మనిషి తలలో కాక కాగితం మీదో కంప్యూటరులోనో రాసి ఉంచాలనడానికి ఇంతకన్నా పెద్ద పాఠం మరొకటి అక్కరలేదు.

చుక్క చేసిన పని

పట్టికలో ఒక గడిని సరిగా నింపకపోతే ఏమవుతుందో చెప్పడానికి 'చుక్కల భూములే' సాక్ష్యం. బ్రిటిషు కాలపు రీసెటిల్‌మెంటు రిజిస్టరులో, అంటే ఆర్.ఎస్.ఆర్.లో, పట్టాదారు పేరు రాయవలసిన చోట కొన్ని సర్వే నంబర్ల ఎదుట చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కలకు అర్థం ఏమిటి? యజమాని ఎవరూ లేరనా? ఉన్నారు గానీ ఆ రోజు హాజరు కాలేదనా? తగాదాలో ఉన్నదనా? ప్రభుత్వ భూమి అనా? చుక్క పెట్టిన గుమాస్తాకు తెలిసి ఉండవచ్చు. కానీ 'చుక్క పెడితే ఇది అర్థం' అని ఎవరూ తేల్చి రాయలేదు.

తరాలు గడిచాయి. ఆ భూములు చేతులు మారాయి, బావులు తవ్వుకున్నారు, పిల్లల పెళ్లిళ్లకు అమ్ముకున్నారు. రిజిస్ట్రేషన్ చట్టంలో 2007లో చేర్చిన 22-ఎ నిబంధన కింద నిషేధిత భూముల జాబితాలు తయారయ్యాయి. చుక్కల భూములు ఆ జాబితాలకు ఎక్కాక ఏళ్ల తరబడి సాగులో ఉన్నవారు కూడా అమ్ముకోలేక, కుదువ పెట్టుకోలేక నిలిచిపోయారు. చివరకు చుక్కల గళ్లను నింపడానికే ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసి వచ్చింది. 2023లో చుక్కల భూములను నిషేధిత జాబితా నుంచి తొలగించే ఉత్తర్వులు వెలువడ్డాయి. నూరేళ్ల నాటి కలం పోటుకు శాసనసభ జవాబు చెప్పవలసి రావడం గమనించదగ్గ విషయం.

మెటాడేటా ప్రమాణాల్లో 'ఖాళీ' అన్న మాటకు కూడా నిర్వచనం ఉండాలని నిపుణులు పట్టుబట్టడం ఇందుకే. 'తెలియదు', 'వర్తించదు', 'వివాదంలో ఉన్నది' అన్నవి వేర్వేరు సమాధానాలు. మూడింటికీ ఒకే చుక్క పెడితే తర్వాతి తరం నష్టపోతుంది.

ఒకే ఊరు, నాలుగు చిరునామాలు

ఆళ్లగడ్డ చుట్టుపట్ల ఒక పల్లెను తీసుకుందాం. 1950లో రాసిన దస్తావేజులో మద్రాసు రాష్ట్రం అని ఉంటుంది. 1975 నాటి దానిలో ఆంధ్రప్రదేశ్, కర్నూలు జిల్లా, ఆళ్లగడ్డ తాలూకా. 1995 నాటి దానిలో కర్నూలు జిల్లా, ఆళ్లగడ్డ మండలం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కొత్త జిల్లాగా ఏర్పడ్డాక అదే పల్లె నంద్యాల జిల్లా. ఊరు ఉన్నచోటనే ఉన్నది, చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. కంప్యూటరులో 'నంద్యాల జిల్లా' అని కొట్టి వెదికితే కర్నూలు జిల్లా పేరున నమోదైన పాత కాగితం రాకపోవచ్చు.

పేర్ల రాతలోనూ తేడాలే. శిరివెళ్ల అని ఒకరు రాస్తే సిరివెళ్ల అని మరొకరు. అవుకు ఒకచోట, ఔకు ఒకచోట. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఈ తేడాలు మరీ ఎక్కువ. కొత్తపల్లె పేరుతో జిల్లాలో ఒక మండలమే ఉన్నది, అదే పేరుతో రాష్ట్రంలో పల్లెలు ఎన్నో. మనిషి చదివితే పోల్చుకుంటాడు. కంప్యూటరుకు అక్షరం తేడా వస్తే వేరే ఊరే.

ఈ చిక్కు తీర్చడానికే కేంద్ర ప్రభుత్వం 2011లో మెటాడేటా, డేటా ప్రమాణాలు ప్రకటించింది. మనుషుల గుర్తింపు వివరాలు, ప్రాంతాల సంకేత సంఖ్యలు ఎలా రాయాలో వాటిలో నిర్దేశించింది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకు, మండలానికి, గ్రామానికి ఒక సంఖ్య ఉన్నది. పేరు ఎలా రాసినా సంఖ్య ఒక్కటే. ఏ శాఖ అయినా ఆ సంఖ్యనే వాడితే రెవెన్యూ వారి పల్లె, వ్యవసాయ శాఖ వారి పల్లె, బ్యాంకు వారి పల్లె ఒకటే అవుతుంది. ప్రమాణం ప్రకటించినంత మాత్రాన పని అయిపోదు. పాత దస్త్రాలకు కూడా ఆ సంఖ్య తగిలించినప్పుడే ఫలితం.

ఫసలీ, సెంటు, గుంట

తేదీల సంగతి మరీ విచిత్రం. అడంగల్ ఫసలీ లెక్కన నడుస్తుంది. ఫసలీ సంవత్సరం జూలై 1న మొదలై మరుసటి ఏడు జూన్ 30తో ముగుస్తుంది. ఉదాహరణకు 1391 ఫసలీ అంటే 1981 జూలై నుంచి 1982 జూన్ వరకు. నమోదు చేసే వ్యక్తి ఈ లెక్క తెలియక 1391ని ఒక ఏడాది అటో ఇటో వేస్తే, ఆ ఏట సాగుదారు ఎవరన్న వ్యాజ్యంలో సాక్ష్యం తారుమారు అవుతుంది. కాబట్టి తేదీతో పాటు అది ఫసలీయా, ఇంగ్లీషు సంవత్సరమా అన్నది చెప్పే గడి కూడా తప్పనిసరి.

విస్తీర్ణంలోనూ అంతే. నంద్యాలలో 1.20 అంటే ఎకరా 20 సెంట్లు. తెలంగాణలో అదే 1.20 అంటే ఎకరా 20 గుంటలు, అంటే ఎకరంన్నర. అంకెలు ఒక్కటే, భూమిలో తేడా 30 సెంట్లు. పక్కన 'సెంట్లు' అనో 'గుంటలు' అనో ఒక్క మాట లేకపోతే ఆ 30 సెంట్లు గాలిలో కలుస్తాయి. సర్వే నంబరు 112/1ఎ అని ఒకచోట, 112-1ఏ అని మరోచోట రాస్తే ఒకే చెక్క రెండు చెక్కలుగా కనిపించే ప్రమాదం ఉన్నది.

దస్తావేజు నంబరు ఒక్కటే చాలదు

ఈ విషయంలో రిజిస్ట్రేషన్ శాఖ నుంచి నేర్చుకోవలసింది ఉన్నది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కార్యాలయంలో ఏయే పుస్తకాలు ఉంచాలో చెప్పడంతో ఆగలేదు. వాటికి సూచికలు ఎలా రాయాలో కూడా చెప్పింది. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో. ఒకటో సూచిక మనుషుల పేర్ల మీద, రెండో సూచిక ఆస్తి వివరాల మీద. అమ్మినవారి పేరు తెలిసినా, సర్వే నంబరు తెలిసినా కాగితం దొరికే ఏర్పాటు అది. కంప్యూటర్లు రాకముందే చేసిన మెటాడేటా ప్రమాణం అనవచ్చు.

1998 నవంబరు 4న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' పథకం మొదలై సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆ సూచికలే అక్కరకు వచ్చాయి. 1983 జనవరి 1 నుంచి జరిగిన లావాదేవీలకు ఈ.సి. కంప్యూటరు ద్వారా తీయగలగడం వాటి పుణ్యమే. అంతకు ముందటి కాలానికి కార్యాలయంలో పుస్తకాలు తిరగేయించవలసి ఉంటుంది.

ఇక్కడ రైతులు గుర్తుంచుకోవలసిన మాట ఒకటి. దస్తావేజు నంబర్లు ఏటా ఒకటి నుంచి మళ్లీ మొదలవుతాయి. నంద్యాలలో 1250 నంబరు దస్తావేజు ఉంటే ఆళ్లగడ్డలోనూ ఉండవచ్చు, ప్రతి ఏడాదీ ఉండవచ్చు. కనుక నంబరు, సంవత్సరం, కార్యాలయం, ఏ పుస్తకం అన్న నాలుగూ కలిస్తేనే ఒక దస్తావేజును గుర్తించడం సాధ్యం.

కొత్త సర్వే, కొత్త సంఖ్యలు

2015లో వచ్చిన 'మీ భూమి' ద్వారా అడంగల్, 1-బి నకళ్లు ఇంటి నుంచే చూసుకునే వీలు కలిగింది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే ప్రారంభమయింది. డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాలతో కొలిచి, పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్.పి.ఎం. నంబర్లు ఇస్తున్నారు. దేశమంతటా ప్రతి భూమి చెక్కకు 14 అక్షరాలు, అంకెలతో కూడిన 'భూ ఆధార్' ఇచ్చే పని కూడా 2021 నుంచి సాగుతున్నది. భూమి ఎక్కడ ఉన్నదో చెప్పే అక్షాంశ రేఖాంశాల ఆధారంగా ఆ సంఖ్య తయారవుతుంది.

సంఖ్య కొత్తదైనా రైతు చేతిలోని దస్తావేజులో ఉండేది పాత సర్వే నంబరే. పాత నంబరుకూ కొత్త నంబరుకూ మధ్య వంతెన లేకపోతే ఇంట్లోని కాగితం ఒక భూమిని, కంప్యూటరు మరొక భూమిని చెబుతాయి. ఈ కొత్త నంబరు ఏ పాత నంబరు నుంచి వచ్చింది, ఎన్ని చెక్కలయింది, ఏ తేదీన, ఏ ఉత్తర్వుతో అన్నది ప్రతి చెక్కకూ శాశ్వతంగా అంటి ఉండాలి. ప్రమాణాల్లో 'సంబంధం' అనే గడి ఉన్నది ఇందుకోసమే. తరాలు మారినా వంశవృక్షం చెరిగిపోనట్లు, నంబర్లు మారినా భూమి వంశం చెరిగిపోకూడదు.

మార్చింది ఎవరు?

కాగితం పుస్తకంలో పేరు కొట్టివేస్తే గీత కనిపించేది, సిరా రంగు మారేది, పక్కన పొట్టి సంతకం ఉండేది. కంప్యూటరులో పేరు మారితే మచ్చ కూడా మిగలదు. అందుకే ఎవరు, ఎప్పుడు, ఏ ఉత్తర్వు ప్రకారం మార్చారు, అంతకు ముందు ఏమి ఉన్నది అన్న వివరం దానంతట అదే నమోదు కావాలి. అది తుడిచివేయడానికి వీలు లేకుండా ఉండాలి. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం ప్రకారం హక్కుల రికార్డులోని నమోదు తప్పని రుజువయ్యే వరకు సరైనదిగానే భావించాలి. అంత బలం ఉన్న నమోదు ఎలా పుట్టిందో తెలియకపోతే పేద రైతు దాన్ని తప్పని ఎలా రుజువు చేయగలడు?

చట్టాలు ఈ సంగతి మరచిపోలేదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 7వ సెక్షను ఎలక్ట్రానిక్ దస్త్రాన్ని భద్రపరచేటప్పుడు అది ఎక్కడ పుట్టింది, ఎక్కడికి వెళ్లింది, ఏ తేదీన ఏ వేళకు పంపారు లేక అందింది అన్నవి తెలిపే వివరాలను కూడా ఉంచాలంటున్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షను ప్రతి కార్యాలయం తన దస్త్రాలన్నింటికీ పట్టికలు, సూచికలు సక్రమంగా తయారుచేసి ఉంచాలని శాసిస్తున్నది. అంటే సూచిక లేకపోవడం అసౌకర్యం మాత్రమే కాదు, చట్టం అప్పగించిన బాధ్యతను నెరవేర్చకపోవడం కూడా.

2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు చెలరేగి ఫైళ్లు కాలిపోయాయి. అటువంటి వేళ మొదట వచ్చే ప్రశ్న ఏవి కాలాయి అన్నదే. ఉన్నవాటి జాబితా మరొకచోట భద్రంగా ఉంటేనే పోయినవాటి జాబితా రాయగలం. కాగితం కాలినా చీటీ మిగిలితే నకలు ఎక్కడ వెదకాలో తెలుస్తుంది.

అన్నింటికీ ప్రమాణం ఒక్కటే మందు అనుకోవడం కూడా పొరపాటే. గళ్లు మరీ ఎక్కువైతే పని ఒత్తిడిలో ఉన్న సిబ్బంది ఏదో ఒకటి నింపి పంపుతారు. తప్పు చీటీ ఉండడం అసలు చీటీ లేకపోవడం కన్నా ప్రమాదం. తప్పనిసరి గళ్లు కొద్దిగా ఉండాలి, నింపినవి మరొకరు సరిచూడాలి. రైతు ఆధార్ నంబరు వంటివి నలుగురికీ కనిపించకుండా 'ఎవరు చూడవచ్చు' అన్న గడి కూడా కచ్చితంగా నింపాలి.

రైతులు చేయదగిన పనులు

కార్యాలయాలు బాగుపడే వరకు చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు. ఇంట్లోని ప్రతి భూమి కాగితానికి ఒక తెల్లకాగితం జతచేసి ఈ వివరాలు రాసి ఉంచుకోవడం మంచిది: కాగితం రకం, దస్తావేజు నంబరు, సంవత్సరం, కార్యాలయం, అప్పటి తాలూకా లేక మండలం, జిల్లా పేరు, ఇప్పటి పేరు, పాత సర్వే నంబరు, రీసర్వే జరిగి ఉంటే ఎల్.పి.ఎం. నంబరు, విస్తీర్ణం ఎకరాలు, సెంట్లలో, భూమి ఎవరి నుంచి ఎవరికి ఎలా వచ్చింది. అసలు కాగితం మీద మాత్రం ఏమీ రాయకూడదు.

ఏడాదికి ఒకసారైనా 1-బి, అడంగల్ నకళ్లు తీసి పేరు, తండ్రి పేరు, విస్తీర్ణం సరిచూసుకోవాలి. తేడా కనిపిస్తే గ్రామ సచివాలయంలో అర్జీ ఇచ్చి రశీదు, అర్జీ నంబరు తప్పక తీసుకోవాలి. పేరు మారి ఉంటే ఏ ఉత్తర్వుతో మారిందో ఆ ఉత్తర్వు నంబరు, తేదీ అడగాలి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. గ్రామ స్థాయిలో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం రావాలి. దస్త్రాన్ని కార్యాలయంలోనే కళ్లారా చూసే హక్కు కూడా ఆ చట్టంలో ఉన్నది.

నంద్యాల ఇంకా కొత్త జిల్లాయే. కర్నూలు నుంచి దస్త్రాలు వేరుపడి, రీసర్వేతో నంబర్లు మారుతున్న ఈ కాలంలో చీటీ సరిగా రాస్తే ముందు తరాలకు వ్యాజ్యాలు తగ్గుతాయి. ఇప్పుడు వదిలిన ఖాళీ గడి రేపటి చుక్కల భూమి అవుతుంది. దస్త్రాలను కంప్యూటరుకు ఎక్కించామని లెక్కలు చెప్పడంతో పాటు, అడిగిన రైతుకు అడిగిన కాగితం ఎంతసేపట్లో చేతికి ఇవ్వగలుగుతున్నామో కూడా అధికారులు లెక్క చూసుకోవలసి ఉన్నది.